ట్రాక్టరు టైర్లలో ఏ నీళ్ళు, ఎన్ని నీళ్ళు, ఎన్నాళ్ళు

బరువు పెంచి పట్టు సాధించడానికి ట్రాక్టరు వెనక టైర్లలో ఏ ద్రవం నింపాలన్న ప్రశ్న మంచు కురిసే దేశాల్లో పుట్టింది. అక్కడ చలికాలంలో టైరులోని నీళ్ళు గడ్డకట్టుకుపోతాయి, ఆ గడ్డతో బండి కదిపితే ట్యూబూ టైరూ పాడవుతాయి. అందుకే అక్కడి రైతు నీళ్ళలో కాల్షియం క్లోరైడు అనే ఉప్పు కలపాలా, కూలెంటు పోయాలా, బీటుదుంప రసం పట్టించాలా అని ఏటా తర్జనభర్జన పడతాడు. ఆ చర్చంతా ఇప్పుడు వీడియోల రూపంలో మన ఫోన్లలోకి వచ్చి చేరింది కాబట్టి, రాజాంలోనో చీపురుపల్లిలోనో టైర్ల దుకాణం ముందు నిలబడి కాల్షియం క్లోరైడు ఎక్కడ దొరుకుతుందని ఆరా తీసే కుర్రకారు కూడా కనిపిస్తున్నారు. శ్రీకాకుళం, విజయనగరం మైదానాల్లో పుష్యమాసపు తెల్లవారుజామున సైతం ఉష్ణోగ్రత 10 డిగ్రీల దిగువకు పోవడం అరుదు. లంబసింగి కొండ మీద ట్రాక్టరు తోలేవారి సంగతి వేరు గాని, మన పొలాల్లో టైరులోని నీళ్ళు గడ్డకట్టే రోజు రాదు.

గడ్డకట్టే భయాన్ని లెక్కలోంచి తీసేస్తే ఏ ద్రవమన్న ప్రశ్న చాలావరకు తేలిపోతుంది. ఆ తర్వాత మిగిలేవి మన సొంత ప్రశ్నలు: అసలు బరువు కావాలా, కావాలంటే ఎంత, ఏ నెల నుంచి ఏ నెల దాకా. డీజిలు వృథా కావడమైనా, బండి మడిలో దిగబడడమైనా ఈ మూడింటి దగ్గర జరిగే పొరపాట్ల వల్లనే ఎక్కువగా జరుగుతుందని నా అభిప్రాయం. అందుచేత ముందుగా బరువు చేసే పని ఏమిటో చూసి, ద్రవం సంగతికి తర్వాత వద్దాం.

బరువు ఎందుకు

ఇంజనులో ఎంత శక్తి ఉన్నా అది నేలకు చేరవలసింది వెనక టైర్ల పట్టు ద్వారానే. ఆ పట్టు రెండింటి మీద ఆధారపడుతుంది: చక్రాల మీద పడే బరువు, కింద ఉన్న నేల స్వభావం. సాధారణంగా గట్టి పొలం నేల మీద ఒక ట్రాక్టరు తన వెనక చక్రాల మీదున్న బరువులో 40 నుంచి 50 శాతం మేరకు లాగగలదు. మన దగ్గర ఎక్కువగా కనిపించే 45 హెచ్‌పీ తరగతి టూవీల్ డ్రైవ్ ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు. అందులో మూడింట రెండు వంతుల వరకు వెనక ఇరుసు మీద ఉంటుంది. ఆ వెనక చక్రాలకు 300 కిలోలు కలిపితే లాగుడు 120 నుంచి 150 కిలోల మేర పెరుగుతుంది. బరువు ఇంజను శక్తిని రవ్వంత కూడా పెంచదని, ఉన్న శక్తి జారిపోకుండా మాత్రమే చూస్తుందని గుర్తుంచుకోవాలి.

ఆ జారుడును కొలవడం కష్టమేమీ కాదు, అయినా కొలిచేవారు అరుదు. వెనక టైరు పక్కన సున్నంతో ఒక గీత పెట్టి, గొర్రును పైకెత్తి అదే పొలంలో చక్రం 10 చుట్లు తిరిగేదాకా నడిపి ఆ దూరాన్ని కొలవాలి. తర్వాత గొర్రు దించి, మామూలుగా దున్నే లోతులో, అదే గేరులో మళ్ళీ 10 చుట్లు నడపాలి. 13.6-28 టైరుకు (వెడల్పు 13.6, రిమ్ము 28 అంగుళాలు) మొదటి దూరం 39, 40 మీటర్లు వస్తుంది. మొదటిది 40, రెండోది 35 మీటర్లు వస్తే జారుడు 12 శాతం చిల్లర. దుక్కిలో 10 నుంచి 15 శాతం మధ్య జారుడు ఉంటే బండి బరువు సరిపోయినట్టే. అది 20 దాటితే డీజిలూ టైరూ కరిగిపోతున్నాయని అర్థం. 5 శాతానికి లోపే ఉంటే బండి అవసరానికి మించి బరువెక్కిందని, ఆ బరువును మోసుకు తిరగడానికే డీజిలు ఖర్చవుతోందని, గేర్లూ వెనక ఇరుసూ పడకూడని ఒత్తిడి పడుతున్నాయని గ్రహించాలి. అసలు జారకపోవడమే మంచిదన్న నమ్మకం మన డ్రైవర్లలో బలంగా ఉంది. ఇంజను మీదా గేర్ల మీదా హఠాత్తుగా వచ్చి పడే దెబ్బను కొద్దిపాటి జారుడు కాచుకుంటుంది కాబట్టి ఆ నమ్మకం తప్పు.

టేపు లేకపోతే టైరు అచ్చు చూసినా చాలు. నేల మీద టైరు గుబ్బల అచ్చు అంచు చెదరకుండా స్పష్టంగా పడితే బరువు ఎక్కువైందని, అచ్చు పూర్తిగా చెరిగి మట్టి వెనక్కి విసిరినట్టు ఉంటే తక్కువైందని లెక్క. అంచుల్లో అచ్చు తెలుస్తూ, నడుమ మట్టి కొద్దిగా చెదిరి ఉంటే సరిగ్గా ఉన్నట్టు.

ఇందులో కిరాయి కట్టే రైతుకు కూడా ఒక లెక్క ఉంది. గంట చొప్పున కిరాయి ఇచ్చేచోట 12 శాతం జారే బండి గంటలో చేసే దుక్కిని 25 శాతం జారే బండి చేయడానికి గంటా 10 నిమిషాలు తీసుకుంటుంది. చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, మీటరూ తిరుగుతూనే ఉంటుంది. ఎకరం లెక్కన మాట్లాడుకుంటే ఆ నష్టం బండి యజమాని వైపు పోతుంది.

ఏ పనికి బరువు కావాలి

బరువు పెంచితే అన్ని పనులూ బాగుంటాయనుకోవడం రెండో చిక్కు. నేలను చీల్చుకుంటూ లాగవలసిన పనిముట్లకు బరువు కావాలి: రెక్క నాగలి, డిస్కు నాగలి, లోతుగా దించిన తొమ్మిది పళ్ళ గొర్రు. గజపతినగరం, బొండపల్లి వైపు గరువు భూముల్లో వేసవి దుక్కులు దున్నేటప్పుడు ఎండి బిగిసిన ఎర్రమట్టి మీద తేలిక ట్రాక్టరు చక్రాలు గిర్రున తిరగడం చూసినవారికి దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. చెరకు తోటలోంచి నిండు ట్రాలీని గట్టు దాటించి సంకిలి చక్కెర ఫ్యాక్టరీ దారి పట్టించేటప్పుడు కూడా అదే అవసరం.

రోటావేటరు సంగతి దీనికి పూర్తిగా భిన్నం. దాని కత్తులు పీటీఓ (ఇంజను శక్తిని పనిముట్టుకు అందించే వెనక షాఫ్టు) శక్తితో, చక్రాలు తిరిగే దిశలోనే తిరుగుతూ మట్టిని వెనక్కి నెడతాయి, అంటే ట్రాక్టరును ముందుకు తోస్తాయి. చక్రాల లాగుడు అక్కడ పెద్దగా పనికిరాదు. పైగా రోటావేటరు బరువు 350, 400 కిలోల దాకా ఉంటుంది కాబట్టి ఎత్తినప్పుడల్లా ఆ బరువు వెనక ఇరుసు మీదే పడుతుంది. ఏడాదిలో ముప్పాతిక భాగం రోటావేటరు మీదే బతికే ట్రాక్టరుకు టైర్లలో నీళ్ళు పట్టించడం దండగ. ఇరవై ఏళ్ళ కిందట పెద్దలు అందరి బండ్లకూ నీళ్ళు కొట్టించారంటే, అప్పుడు పనంతా గొర్రుతోనూ నాగలితోనూ ట్రాలీతోనూ నడిచేది. పని మారాక కూడా ఆ అలవాటు మాత్రం అలాగే కొనసాగుతోంది.

ఉద్దానం ఇసుక నేలల్లో, కవిటి, సోంపేట వైపు కొబ్బరి తోటల మధ్య పని మరో తీరుగా ఉంటుంది. పొడి ఇసుకలో బరువు పెంచితే చక్రం మరింత దిగబడి, తాను తవ్వుకున్న గోతిలోంచి తానే ఎక్కలేక గింజుకుంటుంది. అక్కడ టైరు తయారీదారు అనుమతించినంత మేరకు గాలి తగ్గించి, టైరు నేలను తాకే వెడల్పు పెంచుకోవడమే మేలైన ఉపాయం.

మొత్తం బరువు ఎంత ఉండాలన్నదానికి ఒక మోటు లెక్క ఉంది. నెమ్మదిగా, బరువైన లాగుడు పని చేసే టూవీల్ డ్రైవ్ ట్రాక్టరుకు పీటీఓ దగ్గర దొరికే ఒక్కో హెచ్‌పీకి 55 నుంచి 60 కిలోల చొప్పున మొత్తం బరువు ఉండాలి. వేగంగా సాగే తేలిక పనికి 50 చాలు. 45 హెచ్‌పీ ఇంజనున్న బండికి పీటీఓ వద్ద 38 హెచ్‌పీ వస్తుందనుకుంటే, ఉండవలసిన బరువు 2,100 నుంచి 2,300 కిలోలు. ఖాళీ బండే 2,000 కిలోలుంటే కలపవలసింది 100 నుంచి 300 కిలోలే. టైర్లు నిండా నీళ్ళు పట్టించి, పైగా ఇనుప బిళ్ళలు కూడా బిగించే బండ్లు ఈ లెక్కను దాటిపోతున్నాయి. ట్రాక్టరు లాగుడు మీద బరువు ప్రభావం ఎంతో తెలుసుకోవాలనుకునేవారు మధ్యప్రదేశ్‌లోని బుదనీలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ నివేదికలు చూడవచ్చు. బరువు కట్టినప్పుడు, కట్టనప్పుడు లాగుడు ఎంతెంతో వాటిలో విడివిడిగా ఉంటుంది. కొనే ముందు డీలరు దగ్గర ఆ నివేదిక అడిగే రైతులు తక్కువ.

ఏ ద్రవం

ఇప్పుడు ద్రవం సంగతి. 13.6-28 టైరులో ముప్పాతిక భాగం నింపితే సుమారు 160 లీటర్లు పడతాయి, 14.9-28లో 200 లీటర్ల దాకా పడతాయి. నీళ్ళయితే లీటరు ఒక కిలో కాబట్టి లెక్క సులువు: మొదటి కొలత టైర్లు రెండింటికీ కలిపి 320 కిలోలు.

కాల్షియం క్లోరైడు కలిపిన ద్రావణం నీళ్ళకన్నా చిక్కన. ఒక లీటరు నీటికి సుమారు 420 గ్రాముల కాల్షియం క్లోరైడు పొలుసులు (ఫ్లేకులు) కలిపితే లీటరు ద్రావణం 1.2 కిలోల చిల్లర తూగుతుంది, ఇంకా చిక్కగా కలిపితే 1.28 దాకా పోతుంది. మొదటి మోతాదులో 160 లీటర్ల ద్రావణానికి 137 లీటర్ల నీళ్ళు, 57 కిలోల ఆ ఉప్పు కావాలి. అంతా కలిసి 194 కిలోలు. ఉత్త నీళ్ళు 160 కిలోలు తూగేవి కాబట్టి ఒక్కో చక్రానికి మిగిలేది 34 కిలోలు. ఈ ఉప్పు టైరులో తన చోటు తాను ఆక్రమించుకుని, ఆ మేరకు నీళ్ళను బయట ఉంచుతుంది. కనుక రెండు చక్రాలకూ కలిపి సుమారు 115 కిలోల ఉప్పు కొంటే అదనంగా దక్కే బరువు 68 కిలోలే. రెండు ఇనుప బిళ్ళలు బిగిస్తే వచ్చేపాటి బరువది. నాకు ఈ లెక్క ఒక్కటే సరిపోయింది.

దానికి తోడు అది తుప్పు పట్టించే గుణమున్న ఉప్పు. మన ట్రాక్టర్లలో ఎక్కువ భాగం ట్యూబు టైర్లే కాబట్టి ద్రావణం ట్యూబులోనే ఉంటుంది, రిమ్ముకు నేరుగా తగలదు. అందువల్ల భయం లేదని వాదించేవారున్నారు. ట్యూబు బాగున్నంతకాలం ఆ మాట నిజమే. వాల్వు మొదట్లోనో చిన్న పంక్చరు దగ్గరో చెమ్మ ఊరడం మొదలైతే అది ట్యూబుకూ రిమ్ముకూ మధ్య కంటికి కనిపించకుండా నిలిచి, వాల్వు రంధ్రం చుట్టూ ఇనుమును తినేస్తుంది. బయటికి తుప్పు మరక కనిపించేసరికి లోపల రిమ్ము పలచబడి ఉంటుంది. ద్రావణం పొలంలో కారితే ఆ మేర మొక్క మొలవదు. ఇన్ని చెప్పాక కూడా కలపదలచినవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి: నీళ్ళలో పొలుసులను కొద్దికొద్దిగా వెయ్యాలే గాని పొలుసుల మీద నీళ్ళు పొయ్యకూడదు. కలిపేటప్పుడు ద్రావణం బాగా వేడెక్కుతుంది, చల్లారాకనే టైరులోకి ఎక్కించాలి.

కూలెంటులో వాడే గ్లైకాలు నీళ్ళకన్నా నామమాత్రంగానే బరువు, ఖర్చు మాత్రం ఎక్కువ. అందులో ఇథిలీన్ గ్లైకాలు తియ్యగా ఉండే విషం. కారి మడుగు కట్టిన చోట పశువులు నాకితే ప్రాణాల మీదికి వస్తుంది. కొన్ని దేశాల్లో కారు అద్దాలు కడిగే ద్రవాన్ని టైర్లలో పోస్తారు. మిథనాలు కలిసిన ఆ ద్రవం నీళ్ళకన్నా తేలిక. మంచు భయం లేని మనకు అది డబ్బిచ్చి బరువు తగ్గించుకోవడమే అవుతుంది. బీటుదుంప రసం నీళ్ళకన్నా దాదాపు 30 శాతం బరువైనది, తుప్పు పట్టించనిది. నిజానికి మంచి సరుకే, అయితే అది చక్కెర బీటు పండించే దేశాల ఉపఉత్పత్తి. మనకు చెరకు ఉంది కదా, మడ్డి (మొలాసిస్) పోస్తే పోలేదా అని సంకిలి చుట్టుపక్కల ఎవరికైనా అనిపించడం సహజం. మొలాసిస్‌లో మిగిలే చక్కెర పులుస్తుంది, పులిస్తే వాయువు పుట్టి టైరులో ఒత్తిడి పెరుగుతుంది, ఆమ్లమూ పుడుతుంది. పైగా మొలాసిస్ అమ్మకం, రవాణా ఆబ్కారీ నియంత్రణలో ఉంటాయి కాబట్టి టైరులోకి ఎక్కించే ముందే వేరే చిక్కుల్లో పడవచ్చు.

కనుక మనకు మిగిలేది నీళ్ళే. అయితే ఏ నీళ్ళన్నదానిలో కొంత విచక్షణ కావాలి. తీరం వెంబడి గార, సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు వైపు కొన్ని బోర్లలో నీళ్ళు ఉప్పగా వస్తాయి. ఉప్పు నీరు బరువైనది కదా అని దాన్నే పట్టించే మాట ఒకటుంది. సముద్రపు నీళ్ళే తెచ్చి పోసినా లీటరుకు 25 గ్రాములే ఎక్కువ తూగుతుంది, అంటే 160 లీటర్ల టైరుకు లాభం 4 కిలోలు. ఆ 4 కిలోల కోసం వాల్వునూ రిమ్మునూ తుప్పుకు అప్పగించడం తెలివైన పని కాదు. పంచాయతీ కుళాయి నీళ్ళు గాని, మంచినీటి బావి నీళ్ళు గాని వాడాలి. చెరువు నీళ్ళయితే గుడ్డతో వడగట్టాలి, లేకపోతే ఒండ్రు చేరి వాల్వును బిగిస్తుంది.

నీళ్ళతో పోటీపడగలిగింది ఇనుము ఒక్కటే. పోత ఇనుప బిళ్ళలు ఖరీదైనవి, కాని రెంచీతో ఒక పూటలో బిగించి మరో పూటలో విప్పవచ్చు, టైరు స్వభావాన్ని మార్చవు, పంక్చరు పడ్డప్పుడు అడ్డు రావు. నీళ్ళకు రూపాయి ఖర్చు లేదు, బరువు నేలకు దగ్గరగా ఉంటుంది, ఇరుసు బేరింగుల మీద పడకుండా టైరు ద్వారా నేరుగా నేలకు దిగుతుంది. వాటి లోపం ఏమిటంటే ఒకసారి పట్టించాక తీయబుద్ధి కాదు. ఏడాదిలో పని తరచుగా మారే బండికి ఇనుము, నెలల తరబడి ఒకే తరహా లాగుడు పనిలో ఉండే బండికి నీళ్ళు అన్నది నా ఎంపిక.

పట్టించడం, గాలి చూడడం

జాకీతో చక్రాన్ని నేల నుంచి లేపి, వాల్వు సరిగ్గా పైకి వచ్చేలా తిప్పి, లోపలి పిన్ను తీసి, డాబా మీదో ట్రాలీ మీదో పెట్టిన డ్రమ్ము నుంచి గొట్టంతో నీళ్ళు వదలడం మామూలు పద్ధతి. లోపలి గాలి బయటికి పోయే దారి ఉన్న నాజిల్ వాడితే పని సాఫీగా సాగుతుంది. లేకపోతే మధ్యమధ్య గొట్టం తీసి గాలిని వదలాలి. వాల్వు పైన ఉన్నప్పుడు అక్కడిదాకా నీళ్ళు వచ్చి పొర్లితే టైరు 75 శాతం నిండినట్టు. అక్కడితో ఆపి, పిన్ను బిగించి, గాలి పట్టాలి. తక్కువ చాలనుకుంటే వాల్వును గడియారంలో 3 లేదా 9 గంటల చోటికి తెచ్చి పొర్లేదాకా నింపితే సగం, 4 లేదా 8 గంటల చోటికి తెస్తే 40 శాతం నిండుతుంది. 13.6-28 టైరులో సగమంటే సుమారు 105 లీటర్లు. పైన చెప్పిన లెక్క ప్రకారం చాలా బండ్లకు ఆ సగం చాలు. రేడియల్ టైర్లున్నవారు 40 శాతం దాటకపోవడం మంచిది, ఎందుకంటే వాటి పక్కగోడలు వంగుతూ పనిచేయాలి, నీళ్ళు ఆ వంపును కట్టేస్తాయి. రెండు చక్రాల్లోనూ సమానంగా ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

75 శాతం దాటి నింపడం మాత్రం ఏ పరిస్థితిలోనూ పనికిరాదు. నీళ్ళు నొక్కితే నొక్కుకోవు. గుంతలో పడ్డప్పుడు దెబ్బను కాచుకునేది మిగిలిన పాతిక భాగం గాలే. అది కూడా లేకపోతే ఆ దెబ్బ టైరు లోపలి పోగులకూ డ్రైవరు నడుముకూ తగులుతుంది.

గాలి చూసేటప్పుడు వాల్వు పైన ఉండాలి. కింద ఉన్నప్పుడు చూస్తే మీద ఉన్న నీటి బరువు కూడా కలిసి ఒక పౌండు ఎక్కువ చూపుతుంది. పొలం పనిలో వెనక టైర్లలో ఉండే గాలే 12 నుంచి 14 పౌండ్ల ప్రాంతం కాబట్టి ఆ ఒక్క పౌండు తేడా చిన్నది కాదు. మామూలు గేజీలోకి నీళ్ళు పోతే అది తొందరగా పాడవుతుంది, నీళ్ళకు తట్టుకునే గేజీని వేరుగా ఉంచుకోవాలి. లోపల గాలి చోటు తక్కువ కాబట్టి చిన్న లీకు కూడా గాలిని త్వరగా దించేస్తుంది. వారానికొకసారైనా చూడడం అవసరం.

ముందు చక్రాల సంగతి మరవకూడదు. టూవీల్ డ్రైవ్ బండిలో మొత్తం బరువులో మూడోవంతు దాకా ముందు ఇరుసు మీద ఉండడం మేలు. ఎలాంటి పనిలోనైనా 20 శాతానికి తగ్గితే స్టీరింగు మాట వినదు. వెనక టైర్లలో ఎన్ని నీళ్ళు పట్టించినా ముందు చక్రాలు లేవకుండా అవి ఆపలేవు, ఎందుకంటే ఆ బరువు తిరుగుడు కేంద్రమైన వెనక ఇరుసు మీదే ఉంటుంది. పైపెచ్చు పట్టు పెరిగిన వెనక చక్రాలు జారడానికి బదులు ముందుభాగాన్ని ఎత్తుతాయి. బరువైన ట్రాలీతో ఏటవాలు గట్టు ఎక్కేటప్పుడు, బురదలో దిగబడి చక్రాలకు దుంగ కట్టి బయటపడాలని చూసేటప్పుడు ట్రాక్టరు వెనక్కి తిరగబడే ప్రమాదం దీనివల్లనే వస్తుంది. డ్రైవరు క్లచ్చి తొక్కేంత వ్యవధి కూడా అందులో ఉండదు. ట్రాలీ లాగే బండికి ముందు బంపరు మీద ఇనుప బరువులు ఉండి తీరాలి.

రోడ్డు మీద ఈ బరువు రెండు విధాలుగా పనిచేస్తుంది. ట్రాక్టరుకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి, మన ట్రాలీల్లో చాలావాటికి బ్రేకులే ఉండవు. కాబట్టి వెనక చక్రాల మీద బరువు ఉంటే అవి జారకుండా పట్టుకుంటాయి. ఆపవలసిన మొత్తం బరువు కూడా ఆ మేర పెరుగుతుంది, బ్రేకు ప్లేట్లు ముందే అరుగుతాయి. ఏది ఎక్కువో తేల్చి చెప్పడం కష్టం. నింపిన టైర్లతో వేగంగా పోతే బండి ఎగిరెగిరి పడుతుందన్నది మాత్రం డ్రైవర్లందరికీ అనుభవమే.

దమ్ముకు ముందు దించాలి

మన జిల్లాల్లో ఈ వ్యవహారమంతా వరి దగ్గర తలకిందులవుతుంది. వంశధార ఎడమ కాలువ కింద నరసన్నపేట, పోలాకి వైపు బంక మడుల్లో దమ్ము పట్టేటప్పుడు, అంటే నీళ్ళు నిలిపి బురదగా కలియదున్నేటప్పుడు, నేలకు మోసే శక్తే ఉండదు. అక్కడ పట్టు ఇచ్చేవి దమ్ము చక్రాల ఇనుప పళ్ళు. బరువు పెంచిన కొద్దీ బండి ఇంకా లోతుకు దిగుతుంది తప్ప లాగుడు పెరగదు. 320 కిలోల నీళ్ళను మోసుకుంటూ దమ్ములో దిగిన బండి, దిగబడ్డాక ఆ నీళ్ళను అక్కడే వదిలించుకోనూ లేదు, బయటికి రానూ లేదు.

ఇక మడి అడుగున గట్టిపడే పొర ఉంది. నీళ్ళు ఇంకిపోకుండా నిలవడానికి వరికి ఆ పొర కొంత కావాలి. వరి కోశాక అదే మడిలో మొక్కజొన్నో మినుమో వేసేవారికి ఆ పొరే శత్రువవుతుంది, వేరు కిందికి దిగలేదు. పైపొర బిగియడం టైరులోని గాలి ఒత్తిడిని బట్టి ఉంటుంది, లోతు పొర బిగియడం ఇరుసు మీది మొత్తం బరువును బట్టి ఉంటుంది. అందుచేత తడి నేల మీద అనవసరపు బరువుతో తిరిగిన ప్రతి చాలూ రబీలో లెక్కకు వస్తుంది.

ఈ కారణాల వల్ల మన పంచాంగం ప్రకారం నీళ్ళు పట్టించే వేళ వరి కోతలై నేల ఆరాక, అంటే డిసెంబరు, జనవరిలో వస్తుంది. మొక్కజొన్న దుక్కులు, చెరకు తోలకాలు, వేసవి దుక్కులు, ఎదలకు (వరి విత్తనం నేరుగా చల్లడానికి) పొడి దుక్కులు ముగిసేదాకా ఉంచి, ఉభాల (నాట్ల) దమ్ముకు ముందు జూను నెలాఖరుకల్లా దించేయాలి. దించడం ఎక్కించినంత కష్టం కాదు: చక్రం లేపి, వాల్వు కిందికి తిప్పి, పిన్ను తీసి వదిలితే ధార కడుతుంది, ధార సన్నగిల్లినప్పుడు కొంచెం గాలి పట్టి మళ్ళీ వదలాలి. అడుగున కొన్ని లీటర్లు మిగిలినా ఫరవాలేదు.

టైర్లు విప్పేసి పూర్తి దమ్ము చక్రాలు వేసేవారు ఈ క్రమాన్ని తప్పకుండా పాటించాలి. ఖాళీ టైరు, రిమ్ము కలిసి వంద కిలోల పైమాటే. నీళ్ళతో కలిసి పావు టన్ను దాటుతుంది. నీళ్ళు దించకుండా బోల్టులు విప్పితే చక్రం వాలినప్పుడు లోపలి నీళ్ళు ఒక పక్కకు పొర్లి, మోచేతులతో ఆపుదామనుకున్న మనిషిని కిందేసుకుని పడుతుంది. పంక్చరు షాపు కుర్రాళ్ళు నీళ్ళ టైరు అనగానే ముఖం చిట్లించడానికి కూలి ఒక్కటే కారణం కాదు. వారి దగ్గరకు చక్రం తీసుకువెళ్ళే ముందు లోపల నీళ్ళున్నాయని చెప్పాలి. కాల్షియం ద్రావణమున్న టైరయితే ఆ మాట ఇంకా ముందు చెప్పాలి, ఎందుకంటే అది కంట్లో పడితే మండుతుంది. విప్పిన చక్రాన్ని గోడకు నిలబెట్టకుండా నేల మీద పడుకోబెట్టి, వాల్వు పైకి ఉండేలా చూసి, దమ్ము పనులు అయ్యేదాకా ఎండ తగలని చోట ఉంచాలి.